నెగ్గిన మర్నాడు: కైరోప్రాక్టిక్ వృత్తి చట్టపోరాటం మనకు చెప్పేది

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మనం ఎవరి స్మృతిలో ఇక్కడ కూర్చున్నామో ఆ న్యాయవాద పెద్దాయన బల్ల మీద పెద్ద పెద్ద కంపెనీల ఫైళ్లు ఎప్పుడూ ఉండేవి కావు. రిజిస్ట్రేషన్ కోసం, గుర్తింపు కోసం, ఏదో ఒక కౌన్సిల్ జాబితాలో చోటు కోసం ఏళ్ల తరబడి తిరిగే చిన్న వృత్తుల వాళ్లే ఆయన దగ్గరికి వచ్చేవారు. వాళ్లు తమకు జరిగిన అన్యాయమంతా చెప్పుకునేదాకా ఓపిగ్గా వినేవారు. విన్నాక ఒక్కటే అడిగేవారు: "సరే, కేసు నెగ్గామనుకుందాం. మర్నాడు మీ దగ్గరికొచ్చే రోగికి ఏం మారుతుంది?" ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా వకాలతు మీద సంతకం పడేది కాదు.

ఆయన ప్రశ్నను నేనివాళ మన దేశానికి చాలా దూరంలో జరిగిన ఒక పోరాటానికి వేసి చూడదలచుకున్నాను. అమెరికాలో కైరోప్రాక్టర్లు తమ వృత్తికి చట్టబద్ధత కోసం నూరేళ్లకు పైగా కోర్టుల్లో, శాసనసభల్లో చేసిన పోరాటం అది. వైద్యవృత్తుల చట్టాల చరిత్రలో ఇంత పొడుగైన, ఇంత పట్టుదల గల పోరాటాలు అరుదు. దాన్నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

కైరోప్రాక్టిక్ అంటే వెన్నుపూసలను, కీళ్లను చేతులతో సర్ది నొప్పిని తగ్గించే పద్ధతి. మందులు రాయరు, కత్తి పట్టరు. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది పరిచయమే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసినప్పుడో, కారు ప్రమాదం తర్వాత నడుం నొప్పి వదలనప్పుడో అక్కడి ఇన్సూరెన్సు మీద కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఇక్కడి యువతకు ఫోన్లలో వచ్చే వీడియోల ద్వారా, మెడ తిప్పగానే వినిపించే ఆ 'టక్' చప్పుడు ద్వారా తెలుసు. ఆ చికిత్స గొప్పదా కాదా అని తేల్చడం నా పని కాదు, నా అర్హత కూడా కాదు. నేను న్యాయవాదిని. ఒక వృత్తి చట్టం ముందు తన గురించి తాను ఏం చెప్పుకుంది, ఆ చెప్పుకున్న మాట తర్వాత దాన్ని ఎటు నడిపించింది అన్నదే నా విషయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒక వృత్తి ఏ వాదనతో తన హక్కును గెలుచుకుంటుందో, ఆ వాదన తీర్పుతో ముగిసిపోదు. అది చట్టంలోకి, పాఠ్యపుస్తకాల్లోకి, చివరికి ఆ వృత్తి మనసులోకి ఎక్కుతుంది. అందుకని కోర్టులో నెగ్గడానికి పనికొచ్చే మాట కాకుండా, నెగ్గాక కూడా నిలబడి బతకగలిగే మాటను ఎంచుకోవడం న్యాయవాది బాధ్యత.

జైలులో మొదలైన వాదన

1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో అయస్కాంత చికిత్స చేసే డేనియల్ డేవిడ్ పామర్, హార్వే లిల్లార్డ్ అనే పనివాడి వెన్నుపూసను సర్దారనీ, దాంతో అతనికి పోయిన వినికిడి తిరిగొచ్చిందనీ కైరోప్రాక్టిక్ సంప్రదాయం చెబుతుంది. ఆ కథను వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. పామర్ మాత్రం ఆ అనుభవం నుంచి ఒక సిద్ధాంతం కట్టారు. వెన్నుపూసలు కొద్దిగా స్థానం తప్పితే నరాల మీద ఒత్తిడి పడుతుందనీ, రోగాలకు మూలం అక్కడే ఉందనీ అన్నారు. ఆ స్థానం తప్పడాన్ని సబ్‌లక్సేషన్ అన్నారు. ఈ మాటను గుర్తుంచుకోండి. నూరేళ్ల చట్టచరిత్ర దీని చుట్టూ తిరుగుతుంది.

అప్పటికే రాష్ట్రాలన్నీ వైద్యానికి లైసెన్సు చట్టాలు చేసుకుంటున్నాయి. లైసెన్సు లేకుండా వైద్యం చేశారన్న నేరం మీద 1906లో పామర్‌కు శిక్ష పడింది. జరిమానా కట్టనని జైలుకెళ్లి, కొన్ని వారాల తర్వాత కట్టి బయటికొచ్చారు. అదే ఏడు డావెన్‌పోర్ట్‌లో యూనివర్సల్ కైరోప్రాక్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. అరెస్టయిన సభ్యుడి తరఫున కోర్టులో వాదించే ఏర్పాటు చేయడమే ఆ సంఘం ముఖ్యోద్దేశం. ఒక వృత్తి తన తొలి సంఘాన్ని న్యాయసహాయం కోసం పెట్టుకుందంటే దాని బాల్యం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

ఆ సంఘానికి మొదటి పెద్ద పరీక్ష 1907లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లా క్రాస్ పట్టణంలో వచ్చింది. జపాన్‌లో పుట్టి, పామర్ బడిలో చదివిన షెగెతారో మొరికుబో మీద లైసెన్సు లేకుండా ఆస్టియోపతీ చేస్తున్నాడని అభియోగం. ఆస్టియోపతీ కూడా చేతులతో చేసే చికిత్సే. అప్పటికే విస్కాన్సిన్‌లో దానికి చట్టపరమైన గుర్తింపు ఉంది. మొరికుబో తరఫున టామ్ మోరిస్ అనే న్యాయవాది నిలబడ్డారు. తర్వాత ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అయిన సమర్థుడాయన. కైరోప్రాక్టిక్‌కు తనదైన శాస్త్రం, తనదైన కళ, తనదైన తత్వం ఉన్నాయనీ, అది వైద్యమూ కాదు, ఆస్టియోపతీ కూడా కాదనీ, అది పూర్తిగా వేరే వృత్తి అనీ వాదించారు. జ్యూరీ కాసేపట్లోనే నిర్దోషి అని తేల్చింది.

న్యాయవాదిగా మోరిస్ చేసింది తప్పని నేను అనను. కక్షిదారు జైలు గుమ్మంలో ఉన్నప్పుడు చట్టం ఇచ్చిన ఇరుకు సందులోంచి అతన్ని బయటికి తేవడం న్యాయవాది ధర్మం. అయితే ఆ వాదన అక్కడితో ఆగలేదు. 'మేం రోగనిర్ధారణ చేయం, రోగానికి చికిత్స చేయం, వెన్నుపూసలను మాత్రమే సర్దుతాం' అన్న మాట తర్వాత ఎన్నో కోర్టుల్లో రక్షణ కవచమైంది. కళాశాలల్లో అది పాఠమైంది. మరో వర్గం, చుట్టుపక్కల వైద్య పద్ధతులను కూడా కలుపుకుని పోదామన్న వర్గం, దీన్ని ఒప్పుకోలేదు. వెన్నుపూసలతోనే ఆగే 'స్ట్రెయిట్'లనీ, కలుపుకుని పోయే 'మిక్సర్'లనీ రెండు వర్గాలుగా విడిపోయి ఆ వృత్తి దశాబ్దాలపాటు తనలో తాను పోట్లాడుకుంది. నేరాభియోగం నుంచి తప్పించుకోవడానికి పుట్టిన వేరుదనం వృత్తి విశ్వాసంగా గట్టిపడడం ఆ తగువుకొక ముఖ్య కారణం.

కాన్సాస్ నుంచి లూసియానా దాకా

కేసు ఒక మనిషిని విడిపిస్తుంది. వృత్తిని విడిపించేది చట్టం. ఈ సంగతి కైరోప్రాక్టర్లు తొందరగానే గ్రహించారు. 1913లో కాన్సాస్ మొదటి కైరోప్రాక్టిక్ లైసెన్సు చట్టం చేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రమే, ఒక్కో శాసనసభే. న్యూయార్క్ 1963లో, మసాచుసెట్స్ 1966లో, మిసిసిపి 1973లో, చిట్టచివరికి లూసియానా 1974లో చట్టాలు చేశాయి. మొదటి రాష్ట్రానికీ ఆఖరి రాష్ట్రానికీ మధ్య 61 ఏళ్లు గడిచాయి. ఈలోగా వేర్వేరు రాష్ట్రాల్లో కైరోప్రాక్టర్లు జైళ్లకు వెళ్తూనే ఉన్నారు.

కాలిఫోర్నియా ఉదాహరణ వివరంగా చెప్పదగినది. అక్కడ 1920ల మొదట్లో వందలమంది కైరోప్రాక్టర్లు జరిమానా కట్టడానికి నిరాకరించి కావాలని జైలుకెళ్లారు. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర తెలిసిన మనకు ఆ పద్ధతి కొత్తది కాదు. రోగులు వాళ్ల వెనక నిలబడ్డారు. శాసనసభ కదలకపోతే ప్రజలనే నేరుగా అడిగారు. అక్కడి రాజ్యాంగం ప్రకారం తగినన్ని సంతకాలు సేకరిస్తే ఒక చట్టాన్ని సూటిగా ఓటర్ల ముందు పెట్టొచ్చు. 1922 నవంబరులో ఓటర్లు కైరోప్రాక్టిక్ చట్టాన్ని ఆమోదించారు. ప్రత్యేక బోర్డు ఏర్పడింది.

గొప్ప విజయం అది. కానీ మర్నాటి లెక్క కూడా చూడాలి. ప్రజల ఓటుతో వచ్చిన చట్టాన్ని, ఆ చట్టమే అందుకు వీలివ్వకపోతే, శాసనసభ తనంతట తాను మార్చలేదు. మళ్లీ ఓటర్ల ఆమోదం కావాలి. అంటే 1922లో ఉన్న అవగాహనతో రాసుకున్న వాక్యాలు ఆ తర్వాతి తరాలను కూడా కట్టిపడేశాయి. శత్రువు ముట్టుకోలేని కోట కట్టుకున్నారు. తాము కూడా సులువుగా గోడ జరపలేని కోట అది.

లూసియానాది మరో పాఠం. అక్కడ అప్పట్లో లైసెన్సు కావాలంటే వైద్య కళాశాల డిగ్రీ ఉండాలన్న నియమం ఉండేది. తమకు వర్తించని అర్హతను తమ మీద రుద్దడం రాజ్యాంగ విరుద్ధమని కొందరు కైరోప్రాక్టర్లు 1957లో ఫెడరల్ కోర్టుకెక్కారు. ఆ కేసు రాష్ట్ర కోర్టుల్లోకి వెళ్లి, మళ్లీ ఫెడరల్ కోర్టుకొచ్చి, 1964లో సుప్రీంకోర్టు దాకా చేరింది. 'ఇంగ్లండ్ వర్సెస్ లూసియానా వైద్య పరీక్షల బోర్డు' అన్న ఆ తీర్పును అమెరికాలో న్యాయ విద్యార్థులు నేటికీ చదువుతారు. కైరోప్రాక్టిక్ కోసం కాదు, ఫెడరల్ కోర్టు తలుపు తట్టిన కక్షిదారు హక్కుల కోసం. అసలు విషయంలో కైరోప్రాక్టర్లు చివరికి ఓడిపోయారు. కోర్టులో ఓడిన చోటనే, పదేళ్లు తిరక్కముందే, శాసనసభ చట్టం చేసింది. అర్హతలు నిర్ణయించే పని ప్రధానంగా శాసనసభది. కోర్టును అడగాల్సింది, శాసనసభను అడగాల్సింది వేర్వేరని తెలుసుకోవడం వృత్తి ఉద్యమాలకు మొదటి అక్షరాభ్యాసం.

ఇదే కాలంలో వచ్చిన మరొక చట్టాన్ని చెప్పకపోతే చరిత్ర ఒంటికాలి మీద నిలబడుతుంది. 1925 నుంచి విస్కాన్సిన్, కనెక్టికట్ మొదలుకొని అనేక రాష్ట్రాలు 'బేసిక్ సైన్స్' చట్టాలు చేశాయి. ఏ పద్ధతిలో చికిత్స చేసేవాడైనా శరీరనిర్మాణం, శరీరధర్మం, రోగవిజ్ఞానం లాంటి మూల విషయాల్లో ముందు పరీక్ష పాసవ్వాలన్నది వాటి సారాంశం. కైరోప్రాక్టర్లను ఆపడానికే ఈ చట్టాలు తెచ్చారన్న మాటలో నిజముంది. ఆపాయి కూడా. అయినా ఆ దెబ్బే వాళ్ల కళాశాలల్ని మార్చింది. పాఠ్యకాలం పెరిగింది, ప్రయోగశాలలు వచ్చాయి. 1974లో వాళ్ల విద్యామండలికి ఫెడరల్ విద్యా కార్యాలయం గుర్తింపు దొరికింది. ఇవాళ కైరోప్రాక్టిక్ డిగ్రీకి కనీసం 4,200 గంటల శిక్షణ కావాలి. ప్రత్యర్థి దురుద్దేశంతో పెట్టిన పరీక్షలో కూడా రోగికి పనికొచ్చే అంశం ఉండొచ్చు. దాన్ని గుర్తించి స్వీకరించినవాళ్లే ఆ వృత్తిని నిలబెట్టారు.

విల్క్ కేసు

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను.

1963లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 'నకిలీ వైద్యాల మీద కమిటీ' ఒకటి వేసింది. పేరు సాధారణంగా కనిపించినా దాని ప్రధాన లక్ష్యం కైరోప్రాక్టిక్. మొదట కట్టడి చేయడం, చివరికి నిర్మూలించడం తమ పని అని ఆ కమిటీ సంఘం ధర్మకర్తల మండలికి రాసుకున్న పత్రాలు తర్వాత బయటపడ్డాయి. 1966లో సంఘం కైరోప్రాక్టిక్‌ను అశాస్త్రీయమైన 'కల్ట్' అని తీర్మానించింది. శాస్త్రీయం కాని పద్ధతులవారితో వైద్యులు వృత్తిసంబంధం పెట్టుకోకూడదని సంఘం నీతి నియమావళిలో ఒక నిబంధన ఉండేది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? కైరోప్రాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన రోగిని చూడడం, అతనికి రోగిని పంపడం, ఎక్స్‌రే తీసివ్వడం, కైరోప్రాక్టిక్ కళాశాలలో పాఠం చెప్పడం, అన్నీ ఒక వైద్యుడికి నీతి ఉల్లంఘనలే అయ్యాయి.

లోపలి పత్రాలు అజ్ఞాత వ్యక్తుల ద్వారా బయటికొచ్చాయి. 1975లో సుప్రీంకోర్టు 'గోల్డ్‌ఫార్బ్' కేసులో, న్యాయవాదుల సంఘాలు కనీస ఫీజులు నిర్ణయించడం పోటీ చట్టానికి విరుద్ధమనీ, చదువుకున్న వృత్తులు ఆ చట్టానికి అతీతం కావనీ తీర్పునిచ్చింది. మన వృత్తి మీద వచ్చిన ఆ తీర్పే కైరోప్రాక్టర్లకు తలుపు తెరిచింది. 1976లో షికాగో ఫెడరల్ కోర్టులో ఛెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు కలిసి మెడికల్ అసోసియేషన్ మీద, మరికొన్ని వైద్య సంస్థల మీద దావా వేశారు. ఆధారం అదే పోటీ చట్టం, అంటే 1890 నాటి షెర్మన్ చట్టం. వాదుల న్యాయవాది జార్జ్ మెక్‌ఆండ్రూస్.

1981లో జ్యూరీ ప్రతివాదుల పక్షాన తీర్పునిచ్చింది. 1983లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్లీ విచారణ జరపమంది. అప్పుడు వాదులు తీసుకున్న ఒక నిర్ణయాన్ని ప్రతి యువ న్యాయవాదీ ఆలోచించాలి. నష్టపరిహారం అడగడం మానేశారు. తమకు డబ్బు వద్దనీ, బహిష్కరణ ఆపితే చాలుననీ, ఇంజంక్షన్, అంటే నిలుపుదల ఉత్తర్వు, ఒక్కటే కోరారు. దాంతో రెండో విచారణ జ్యూరీ లేకుండా న్యాయమూర్తి సూసన్ గెట్జెన్‌డానర్ ముందు జరిగింది. డబ్బు పక్కకు పోయేసరికి కేసులో మిగిలింది ఒకే ప్రశ్న. పోటీదారుకు మరో వృత్తిని అంతం చేసే అధికారం ఉందా?

1987 ఆగస్టులో ఆమె తీర్పు చెప్పారు. మెడికల్ అసోసియేషన్, దాని సభ్యులు కలిసి కైరోప్రాక్టిక్‌ను అణచడానికి చట్టవిరుద్ధంగా కూడబలుక్కున్నారని తేల్చారు. రోగి క్షేమం కోసమే ఇదంతా చేశామన్న ప్రతివాదుల వాదనను ఆమె తేలిగ్గా తీసెయ్యలేదు. శాస్త్రీయత గురించి వాళ్లకు నిజమైన ఆందోళన ఉండిందని ఒప్పుకున్నారు. కానీ ఆ ఆందోళన ఆ కాలమంతటా సహేతుకమైనదేనని వాళ్లు రుజువు చేయలేకపోయారన్నారు. బహిష్కరణ కంటే మెత్తని మార్గం, అంటే ప్రజలకు నచ్చజెప్పే మార్గం, సరిపోదని కూడా చూపించలేకపోయారన్నారు. ఇంజంక్షన్‌ను సంఘం తన వైద్య పత్రికలో అచ్చువెయ్యాలని ఆదేశించారు. 1990 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. పద్నాలుగేళ్ల వ్యాజ్యం అలా ముగిసింది.

పోటీ కొట్టువాడి చేతికే తూకంరాళ్లు ఇవ్వకూడదన్నది ఈ తీర్పు నిలబెట్టిన సూత్రం. ఒక వృత్తి పనికిమాలినదని నమ్మే హక్కు, ఆ మాట బిగ్గరగా చెప్పే హక్కు వైద్య సంఘానికి ఉన్నాయి. ఆ వృత్తిని ఊపిరాడకుండా చేయడానికి చేతులు కలిపే హక్కు లేదు.

అయితే ఈ తీర్పును చాలామంది చదవని చోట ఇంకో సంగతి ఉంది. రోగులు చెప్పే అనుభవాల ఆధారంగా కైరోప్రాక్టిక్ సరైన శాస్త్రమనీ, కాదనీ తాను ప్రకటించబోనని న్యాయమూర్తి స్పష్టంగా అన్నారు. ఆ వృత్తి మీద అనుమానం కలగడానికి కమిటీ చేతిలో చాలా సమాచారమే ఉండిందని కూడా రాశారు. అంటే ఆ తీర్పు కైరోప్రాక్టర్లకు ఇచ్చింది స్వేచ్ఛ మాత్రమే. 'శాస్త్రం మీ పక్షాన ఉంది' అన్న ధ్రువపత్రం ఇవ్వలేదు. తీర్పు వచ్చిన మర్నాడు ఆ వృత్తి ముందున్న పని వ్యాజ్యం కంటే కష్టమైనది. తన చికిత్స ఏ నొప్పికి పనిచేస్తుందో, దేనికి పనిచేయదో పరిశోధనతో తేల్చి చూపించాలి.

ఒక్క వాక్యం ఖరీదు

ఇప్పుడు శాసనసభలో గెలిచిన ఒక వాక్యం గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో విలువైన పాఠం ఇక్కడే ఉంది.

అమెరికాలో ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. అందులో కైరోప్రాక్టిక్‌ను చేర్చవద్దని 1968లో ఫెడరల్ ఆరోగ్యశాఖ నివేదిక చెప్పింది. కైరోప్రాక్టర్లు, వాళ్ల రోగులు కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాశారు, కలిశారు, వదలకుండా అడిగారు. 1972 అక్టోబరులో చట్టం మారింది. ఎక్స్‌రేలో కనిపించే సబ్‌లక్సేషన్‌ను సరిచేయడానికి చేతులతో వెన్నెముకకు చేసే చికిత్సకు మాత్రం మెడికేర్ డబ్బు చెల్లిస్తుందని రాశారు.

పండగ చేసుకోవలసిన విజయమే. కానీ ఆ వాక్యంలో ఏం ఇమిడి ఉందో చూడండి. పామర్ సిద్ధాంతంలోని మాట ఫెడరల్ చట్టంలోకి ఎక్కింది. ఆ మాటకే డబ్బు కట్టుబడింది. ఎక్స్‌రేలో చూపించాలని షరతు పెట్టారు గానీ, కైరోప్రాక్టర్ తీసిన ఎక్స్‌రేకు డబ్బివ్వలేదు. రోగిని పరీక్షించినందుకూ ఇవ్వలేదు. డెబ్బై ఏళ్ల ముసలావిడ నడుం నొప్పితో వస్తే, అది కీలు నొప్పా, ఎముక విరిగిందా, ఇంకేదైనా పెద్ద జబ్బుకు సూచనా అని పరీక్షించి చూడడమే అన్నిటికన్నా ముఖ్యమైన పని. దానికే చెల్లింపు లేదు. సర్దితేనే ఉంది. ఎక్స్‌రే షరతును 1997 చట్టం తొలగించింది. అది 2000 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మిగతాది అలాగే ఉంది. కైరోప్రాక్టర్ తన రాష్ట్ర లైసెన్సు అనుమతించే సేవలన్నిటికీ మెడికేర్ చెల్లించాలనే బిల్లు 2019 నుంచి పలుమార్లు కాంగ్రెస్ ముందుకొచ్చింది.

చెల్లింపు ఎటు ఉంటే ఆచరణ అటు మొగ్గుతుంది. 2001లో మెడికేర్ డబ్బిచ్చిన కైరోప్రాక్టిక్ సేవల్లో దాదాపు మూడింట రెండొంతులు నిబంధనలకు తగినవి కావని ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2005లో నివేదించారు. రోగి మెరుగవుతున్నాడా లేదా అన్న లెక్క లేకుండా చికిత్స సాగుతూ పోవడం అందులో పెద్ద లోపం. కైరోప్రాక్టిక్ పక్షాన నిలబడేవాళ్లు ఈ నివేదికను దాచకూడదు. హక్కు అడిగేటప్పుడే లెక్క చూపించే బాధ్యతను కూడా రాయించుకుని ఉంటే ఆ నివేదిక అవసరమే వచ్చేది కాదు.

దీని పక్కనే మరో చట్టాన్ని పెట్టి చూద్దాం. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కైరోప్రాక్టర్లను నియమించాలని 2002 జనవరిలో చట్టం వచ్చింది. అక్కడ వాళ్లు వేరే ప్రపంచంలో ఉండరు. అదే కప్పు కింద వైద్యులు, ఫిజియోథెరపిస్టులు ఉంటారు. ఒకరి నోట్సు ఇంకొకరు చదువుతారు, రోగిని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి పంపుతారు. 'మేం వేరు' అన్న 1907 వాదనకు ఇది పూర్తిగా ఎదురుదారి. నొప్పి మాత్రల వ్యసనం ఆ దేశాన్ని పీడించిన రోజుల్లో మందు లేని చికిత్సలకు విలువ పెరిగింది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుం నొప్పికి ముందుగా మందులు లేని పద్ధతులు ప్రయత్నించమంటూ చెప్పిన వాటిలో వెన్నెముకను సర్దే చికిత్స కూడా ఉంది. 1987 నాటి విల్క్ తీర్పు తర్వాత ముప్పై ఏళ్లకు వైద్యుల సంస్థ ఒకటి ఆ మాట రాసింది. దానికి కారణం తీర్పులు కాదు, ఈలోగా జరిగిన పరిశోధనలు.

కోర్టు తేల్చలేనిది

గెలిచిన వృత్తి కోర్టును ఎక్కడ ఆశ్రయించకూడదో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 1994లో కైరోప్రాక్టర్ల చట్టం వచ్చింది. 2008 ఏప్రిల్‌లో సైమన్ సింగ్ అనే శాస్త్రరచయిత గార్డియన్ పత్రికలో వ్యాసం రాస్తూ, పసిపిల్లల కడుపునొప్పి, చెవి ఇన్‌ఫెక్షన్లు, ఉబ్బసం లాంటి వాటికి కైరోప్రాక్టిక్ పనిచేస్తుందన్న ప్రచారాన్ని విమర్శించారు. బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఆయన మీద పరువునష్టం దావా వేసింది. 2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టు సింగ్ రాసింది అభిప్రాయ ప్రకటన అనీ, శాస్త్ర వివాదాలు తేల్చవలసింది పరువునష్టం కోర్టులు కావనీ చెప్పింది. రెండు వారాల్లో అసోసియేషన్ దావా ఉపసంహరించుకుంది. ఆ వివాదం ఆ దేశ పరువునష్టం చట్టాన్నే మార్చే ఉద్యమానికి బలమిచ్చి, 2013 చట్టానికి దారితీసింది. అదే 2010లో బ్రిటన్‌లో ఆ వృత్తిని నియంత్రించే కౌన్సిలే, సబ్‌లక్సేషన్ అన్నది చారిత్రక భావన మాత్రమేననీ, రోగాలకు అది కారణమనడానికి ఆధారం లేదనీ ప్రకటించింది.

ఒక వృత్తి మండలి తన వృత్తికి పునాది అనుకున్న మాటను తానే పక్కన పెట్టగలగడం చిన్న సంగతి కాదు. అంతకు సుమారు ముప్పై ఏళ్ల ముందు, 1979లో, న్యూజిలాండ్ విచారణ కమిషన్ కూడా పరిమితులు ఒప్పుకునే దారే చూపించింది. కైరోప్రాక్టర్లను ఆరోగ్యవ్యవస్థలో భాగస్వాములుగా అంగీకరించాలంది. అయితే కైరోప్రాక్టిక్ సమస్త వైద్యానికీ ప్రత్యామ్నాయం కాదని కూడా చెప్పింది. రెండు మాటలూ ఒకే నివేదికలో ఉన్నాయి. రెండూ కలిపి చెప్పగలిగిన నోటికే విశ్వసనీయత ఉంటుంది. ప్రమాదాల సంగతీ అంతే. మెడను బలంగా తిప్పడానికీ మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం రావడానికీ ఉన్న సంబంధం మీద చర్చ ఉంది. అది అరుదే కావచ్చు. ఆ ప్రమాదాన్ని రోగికి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యివెయ్యడం ఆ వృత్తి తనంతట తానే కోరుకోవలసిన నిబంధన.

మన దగ్గర

ఈ కథకూ మనకూ సంబంధమేమిటి? మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టం లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపీకి స్థానం ఇచ్చింది. ఆ చట్టం షెడ్యూలులో కైరోప్రాక్టిక్‌కు వేరే వర్గం లేదు. మరోవైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే అలవాటు రాయలసీమలోనూ, చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ తరాలుగా ఉంది. ఇంకోవైపు పట్టణాల్లో వీడియోలు చూసి మెడలు విరిచే కేంద్రాలు వెలుస్తున్నాయి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఏళ్ల తరబడి చదివిన వ్యక్తి, వంశపారంపర్యంగా పని నేర్చుకున్న వ్యక్తి, చూసి అనుకరించే వ్యక్తి ముగ్గురూ రోగికి ఒక్కలాగే కనిపిస్తున్నారంటే ఆ లోపం చట్టానిది.

రాజ్యాంగం 19వ అధికరణం మనకు ఏ వృత్తినైనా చేపట్టే స్వేచ్ఛనిచ్చింది. దానికి కావలసిన అర్హతలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికిచ్చింది. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, తాను చదవని వైద్యపద్ధతిని ఆచరించేవాడు నకిలీ వైద్యుడేనని చెప్పింది. ఈ రెంటి మధ్య ఇంకా గుర్తింపు లేని వృత్తులకు చోటెక్కడ? దానికి జవాబు శాసనసభలు చెప్పాలి. చెప్పించే పని మనది.

అందుకు నేను మూడు మాటలు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది వృత్తి సంఘాలకు. వినతిపత్రం రాసేటప్పుడు 'మాకు హక్కివ్వండి' అన్న వాక్యం పక్కనే 'మా మీద ఈ బాధ్యత పెట్టండి' అన్న వాక్యం రాయండి. ఎంత చదువు, ఏ పరీక్ష, ఏ రోగిని వైద్యుడి దగ్గరికి తప్పక పంపాలి, ఫిర్యాదు వస్తే ఎవరు విచారిస్తారు, ప్రమాదాన్ని రోగికి ఎలా చెప్పాలి, అన్నీ మీరే అడిగి రాయించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే కైరోప్రాక్టిక్ శిక్షణకు, భద్రతకు మార్గదర్శకాలు ప్రచురించింది. మొదలుపెట్టడానికి అది చాలు.

రెండోది వైద్య సంఘాలకు. అనుమానం ఉంటే పరిశోధన అడగండి, బహిరంగంగా విమర్శించండి. ఆ హక్కు మీది. కానీ మీ పోటీదారు బతకాలా వద్దా అని తేల్చే కుర్చీలో మీరు కూర్చోకండి. ఆ కుర్చీలో వైద్యులతో పాటు ఆ వృత్తి తెలిసినవాళ్లు, శాస్త్రజ్ఞులు, సాధారణ పౌరులు కూడా ఉండేలా చట్టం రాయాలి.

మూడోది నా సాటి న్యాయవాదులకు. కక్షిదారును ఇవాళ కాపాడే వాదన రేపు అతని వృత్తికి సంకెల కాగలదు. 1907లో మోరిస్‌కు ఆ విషయం తెలిసే వీల్లేదు. నూరేళ్ల చరిత్ర చదివిన మనకు తెలుసు. కనుక బిల్లు ముసాయిదాలో పెట్టే ప్రతి మాటనూ శాస్త్రం మారితే మార్చుకోగలిగేలా రాయండి. సిద్ధాంతాన్ని చట్టంలోకి ఎక్కించకండి. అర్హతను, జవాబుదారీని ఎక్కించండి. సిద్ధాంతం తప్పని తేలినా అర్హతా, జవాబుదారీ ఉన్న వృత్తి తనను తాను దిద్దుకుని బతుకుతుంది.

లైసెన్సు గోడకు వేలాడే కాగితం ఒక్కటే కాదు. బాధతో, భయంతో వచ్చి తన మెడను ఒక కొత్త మనిషి చేతుల్లో పెట్టే రోగికి ప్రభుత్వం ఇచ్చే హామీ అది. ఆ హామీ నిజమయ్యేలా చట్టాలు రాయించడానికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని న్యాయవాదులు, వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, ఈ కొత్త వృత్తులవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని ముసాయిదా తయారు చేయాలని, ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని ఈ సభ ద్వారా కోరుతున్నాను. ఆ ముసాయిదాకు నేను చేయగలిగిన పనేదైనా ఉంటే చేయడానికి సిద్ధంగా ఉన్నాను.